నేల పాఠం: పైన నల్లమట్టి, కింద సున్నపు బండ



కొంతకాలం కిందట మన గ్రూపులో ఒక పెద్దాయన ఒక ఫోటో పెట్టినారు. వాళ్ళబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఇల్లినాయ్ రాష్ట్రం ఉత్తరాన రాక్‌టన్ అనే ఊరి పక్కనుంచి పోతూ తీసిన ఫోటో అది. మొక్కజొన్న కోసేసి దున్నిన చేను. మట్టి కాటుక మాదిరి నల్లగా, చేత్తో నలిపితే పొడి అయ్యేటట్టు ఉంది. కింద పెద్దాయన, “ఈ మట్టి మనకు రెండెకరాలుంటే చాలు, ఆకుకు కరువే ఉండదు” అని రాసినారు. చాలామంది అవునన్నారు. నేనూ అవునన్నాను.

తర్వాత కూర్చుని ఆ ప్రాంతపు నేలల గురించి చదివితే సంగతి వేరేగా ఉంది. అక్కడ చాలాచోట్ల ఆ నల్లమట్టి కింద రెండు మూడు అడుగుల్లోనే సున్నపు బండ తగులుతుంది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

ఈ వారం పాఠం ఆ నేల గురించే. అమెరికా నేలతో మనకేం పని అనుకోవద్దు. ఆ నేలను వాళ్ళు చదివిన పద్ధతి పట్టుకునే, నా తోటలో పదేళ్ళుగా నాకు అర్థంకాని ఒక తిప్పలు అర్థమైంది. అదేందో చివర చెప్తాను.

*1. ఆ నేల పేరు రాక్‌టన్*

అమెరికాలో నేలల సర్వే 1899లో మొదలైంది. ఊరూరా గుంతలు తవ్వి, పొరపొరా కొలిచి, ఒకే రకం పొరలున్న నేలలన్నిటికీ ఒక పేరు పెడతారు. ఆ రకాన్ని గుర్తించిన చోటికి దగ్గరలోని ఊరి పేరో, ఏటి పేరో దానికి పెట్టడం వాళ్ళ అలవాటు. అట్లా వచ్చిందే ‘రాక్‌టన్ నేల’. ఇల్లినాయ్‌తో పాటు విస్కాన్సిన్, అయోవా, మిన్నెసోటా రాష్ట్రాల్లోనూ ఈ నేల ఉంది.

గుంత తవ్వితే పైనుంచి కిందికి ఇట్లా కనబడుతుంది:

• పైన ఇంచుమించు అడుగు మందాన నల్లటి గరప మట్టి. మెత్తగా, గుల్లగా ఉంటుంది.
• దాని కింద గోధుమరంగు మట్టి. ఇందులో బంక కొంచెం ఎక్కువ. వాననీళ్ళతో పాటు పైనుంచి సన్న బంక దిగి ఇక్కడ పేరుకుంటుంది.
• బండకు ఆనుకుని పలచగా ఎర్రటి బంకమట్టి పొర.
• ఆ కింద సున్నపు బండ. మట్టి మొత్తం లోతు 20 నుంచి 40 అంగుళాలు. అంటే మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా అనుకోండి.

మాటవరసకు ‘గరప నేల’ అంటాం గానీ దానికి లెక్క ఉంది. బంక 7 నుంచి 27 శాతం, ఒండ్రు 28 నుంచి 50 శాతం, ఇసుక 52 శాతం మించకుండా ఉంటే అది గరప. మూడూ సరిపాళ్ళలో ఉంటాయి గనక నీళ్ళు పట్టుకుంటుంది, ఎక్కువైతే వదిలేస్తుంది, వేరుకు గాలి తగులుతుంది. మన మల్బరీకి కావలసిందీ ఇట్లాంటి మట్టే.

*2. ఆ మట్టి ఎక్కడిది, నలుపు ఎక్కడిది?*

కింద సున్నపు బండ ఉంది కదా, ఆ బండ అరిగే పై మట్టి అంతా వచ్చిందని అనుకుంటాం. కాదు. ఉత్తర ఇల్లినాయ్‌లో ఆ బండ సుమారు 45 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్నది. పైన ఉన్న గరప మట్టి దానికంటే చాలా కొత్తది. మంచుయుగంలో పెద్ద పెద్ద మంచుగడ్డలు ఉత్తరం నుంచి జరుగుతూ వచ్చి, ఇసుకా ఒండ్రూ బంకా కలగలిపి అక్కడ వదిలిపోయినాయి. బండ తనవంతుగా ఇచ్చింది ఆ అడుగునున్న పలచని ఎర్రబంక మాత్రమే. సున్నం నీళ్ళలో కరిగిపోగా మిగిలిన మడ్డి అది.

ఇక నలుపు. అక్కడ ముందు మొక్కజొన్న లేదు, అడవీ లేదు. మనిషెత్తు గడ్డి. దాన్నే ప్రైరీ అంటారు. ఆ గడ్డికి పైన ఎంత మేత ఉంటుందో, భూమి లోపల అంతకు మించి వేరు ఉంటుంది. ప్రతి ఏడాదీ కొంత వేరు చచ్చి కుళ్ళి మట్టిలో కలుస్తుంది. చలిదేశం కాబట్టి ఆ కుళ్ళిన సారం మన ఎండలకు మాదిరి తొందరగా కాలిపోదు. వేల ఏళ్ళు అట్లా చేరి చేరి మట్టి నల్లబడింది.

ఆ గడ్డివేళ్ళ అల్లిక ఎంత గట్టిదంటే, అక్కడికి వచ్చిన తొలి రైతుల ఇనుప నాగళ్ళకు మట్టి అతుక్కుని సాలు సాగేది కాదు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి, రాక్‌టన్ పక్కన పారే రాక్ నది ఒడ్డునే దిగువనున్న గ్రాండ్ డిటూర్ అనే ఊళ్ళో, నున్నటి ఉక్కు నాగలి చేసినాడు. దానికి మట్టి అంటలేదు. మనం చూసే ఆకుపచ్చ ట్రాక్టర్ల పేరు ఆయనదే. తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే ఆ గడ్డి మైదానమంతా చేలైపోయింది.

మనం గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. *నలుపు వచ్చింది గడ్డివేళ్ళ వల్ల. మట్టి లోతుకూ నలుపుకూ సంబంధం లేదు.*

*3. రంగు ఒకటే, గుణం వేరు*

అదే ఇల్లినాయ్‌లో డ్రమ్మర్ అని ఇంకో నేల ఉంది. ఆ రాష్ట్రం తన సొంత నేలగా ప్రకటించుకున్నది దాన్నే. అదీ ప్రైరీ నేలే, అదీ నల్లనే. కానీ బాగా లోతు. పల్లంలో ఉంటుంది, నీళ్ళు తొందరగా ఇంకవు. మురుగు పోవడానికి భూమి లోపల గొట్టాలు వేస్తే తప్ప అక్కడ పంట సరిగా రాదు.

రాక్‌టన్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మెరకలో ఉంటుంది, నీళ్ళు నిలవవు, ఎక్కువైన నీళ్ళు బండ పగుళ్ళలోకి దిగిపోతాయి. వేరు కుళ్ళే భయం తక్కువ. కానీ మట్టి తక్కువ లోతు గనక వాన ముఖం చాటేస్తే పైరు ముందు అక్కడే వాడుతుంది.

రెండు చేలనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీస్తే మనకు తేడా తెలియదు. ఒకదానికి నీళ్ళు ఎక్కువై రోగం, ఇంకోదానికి నీళ్ళు చాలక రోగం. అందుకే పై రంగు చూసి నేలకు మార్కులు వేయొద్దు.

*4. లోతును నీళ్ళ లెక్కలో చూద్దాం*

గరప మట్టి అడుగు లోతుకు సుమారు 2 అంగుళాల నీళ్ళు చెట్టుకు అందేటట్టు పట్టుకుంటుంది. ఎకరా మీద అంగుళం నీళ్ళంటే సుమారు లక్ష లీటర్లు.

• 5 అడుగుల లోతు మట్టి: 10 అంగుళాలు, అంటే ఎకరాకు 10 లక్షల లీటర్లు.
• 2 అడుగుల లోతు మట్టి: 4 అంగుళాలు, 4 లక్షల లీటర్లు.
• అడుగుంబావు మట్టి: రెండున్నర అంగుళాలు, రెండున్నర లక్షల లీటర్లు.

ఇందులో సగం అయిపోయేలోపే మళ్ళీ నీళ్ళు పెట్టాలి. లేకుంటే ఆకు పెరుగుదల ఆగిపోతుంది. ఎండాకాలంలో తోట రోజుకు 5 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు సుమారు 20 వేల లీటర్లు తాగుతుందని అనుకుందాం. అప్పుడు రెండడుగుల మట్టి 10 రోజులు ఓర్చుకుంటుంది. అడుగుంబావు మట్టి 6 రోజులకే చేతులెత్తేస్తుంది. మీరు 10 రోజులకొక తడి పెడుతున్నారంటే, ఆ తక్కువ లోతు ముక్క ప్రతి తడికీ నాలుగు రోజులు ఎండిపోతున్నట్టే. పైన చూస్తే రెండు ముక్కలూ ఒకే తోట, ఒకే సాళ్ళు.

*5. కింద సున్నపు బండ ఉంటే పైన సున్నం ఉండాలా?*

ఇదే ఈ పాఠంలో నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించిన సంగతి. రాక్‌టన్ నేలలో కింద అంతా సున్నపు బండే అయినా, పై మట్టి మామూలుగా కొంచెం ఆమ్లంగానో, అటూ ఇటూ కాకుండానో ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వానా మంచూ పడతాయి, చలికి ఆవిరి తక్కువ. ఆ నీళ్ళు పై మట్టిలోని సున్నాన్ని కడిగి కిందికి దించేసినాయి.

మన దగ్గర దీనికి వ్యతిరేకం. కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు వైపు కింద ఉన్నది సున్నపురాయి కాదు, నల్లరాతి జాతి గట్టి బండ. అయినా కొన్ని పల్లపు చేలల్లో, నల్లమట్టి ముక్కల్లో తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు కనబడతాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్ళు సున్నాన్ని పూర్తిగా కడిగేంత లోతుకు పోవు. సగం దారిలో ఆవిరైపోయి సున్నాన్ని అక్కడే వదిలేస్తాయి.

కాబట్టి కింద ఏ బండ ఉందో తెలిసినంత మాత్రాన పై మట్టి గుణం తెలియదు. పై మట్టిని వేరే పరీక్ష చేయించాలి. మల్బరీకి 6.2 నుంచి 6.8 దాకా పీహెచ్ ఉంటే మంచిది. సున్నం ఎక్కువై పీహెచ్ 8 దాటితే, మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు.

దాని గుర్తు ఇది: కొన చిగురాకులు ముందు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నత్రజని తక్కువైతే ముదురాకులు, అంటే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఈ తేడా తెలియక యూరియా మీద యూరియా వేస్తాం. చాకీ పురుగులకు మనం కోసేది ఆ కొన చిగురే గదా. పాలిపోయిన చిగురు తిన్న చిన్న పురుగు జ్వరాల్లోనే వెనకబడుతుంది, పంటంతా ఎగుడుదిగుడవుతుంది.

ఇనుము లోపమని తేలితే లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చిగురు వచ్చే తొలి రోజుల్లో ఆకు మీద కొట్టాలి. ఆకు కోత దగ్గరపడినాక కొట్టొద్దు. ఎన్ని రోజుల గడువు ఇవ్వాలో మీ ఏరియా పట్టుపరిశ్రమ అధికారిని అడగండి. అన్నభేది తాత్కాలికం. పశువుల ఎరువు, పచ్చిరొట్ట ఏటేటా వేస్తూ పోతేనే మట్టి మెల్లగా దారికొస్తుంది.

*6. పగుళ్ళ బండ, తాగేనీటి బావి*

నీళ్ళు బాగా ఇంకే నేల మంచిదే. కానీ దానికి ఒక చెడ్డ గుణం కూడా ఉంది. సున్నపు బండ పగుళ్ళలో నీళ్ళు వడకట్టకుండా నేరుగా కిందికి జారిపోతాయి. మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఇట్లాంటి బండ ఉన్నచోట్ల చేలకు వేసిన నత్రజని బావుల్లోకి దిగి, తాగేనీళ్ళలో నైట్రేట్ పెరిగింది. ఆ నీళ్ళు పసిపిల్లలకు ప్రమాదం. మన దేశంలో తాగేనీటికి పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్.

మన కింద ఉన్నది వేరే బండ అయినా దానిలోనూ పగుళ్ళున్నాయి. మన బోర్లకు నీళ్ళొచ్చేది ఆ పగుళ్ళలోనుంచే. నీటి వసతి ఉన్న వి-1 తోటకు ఏడాదికి ఎకరాకు 140 కిలోల నత్రజని సిఫారసు, 5 కోతలకు పంచి. అంటే కోతకు 28 కిలోలు, యూరియా లెక్కన సుమారు 60 కిలోలు. మట్టి లోతు తక్కువున్న ముక్కలో ఆ 60 కిలోలనూ ఒక్కసారి వేయొద్దు. రెండు మూడు దఫాలుగా వేసుకోండి. పెద్ద వాన వచ్చేటట్టుంటే ఆగండి. డబ్బూ మిగులుతుంది, ఇంటి బావీ మిగులుతుంది.

*7. మీ తోటలో చేసి చూడండి*

కావలసింది ఒక పార, ఒక గడ్డపార, ఒక టేపు, ఒక నిమ్మకాయ.

ఒకటి, *లోతు.* ఎకరాకు కనీసం మూడుచోట్ల నాలుగడుగుల లోతు గుంత తవ్వండి. మెరకలో ఒకటి, పల్లంలో ఒకటి, ఆకు బాగా రాని చోట ఒకటి. రంగు ఎక్కడ మారింది, గులక ఎక్కడ మొదలైంది, బండ ఎక్కడ తగిలింది, వేర్లు ఎక్కడ ఆగిపోయినాయి అనేది టేపు పెట్టి రాసుకోండి. వేర్లు ఆగిన చోటే మీ నేల అసలు లోతు. గుంతలు తెరిచి వదలొద్దు, పిల్లలూ పశువులూ పడతారు.

రెండు, *మట్టి రకం.* పిడికెడు మట్టిని తడిపి ముద్ద చేసి, బొటనవేలితో పట్టీ మాదిరి ముందుకు తోయండి. అంగుళం లోపే తెగిపోతే గరప. ఒకటి నుంచి రెండంగుళాలు సాగితే బంక గరప. రెండంగుళాలు దాటితే బంకమట్టి. ముద్దే కట్టకపోతే ఇసుక.

మూడు, *నీళ్ళు ఇంకడం.* అడుగు లోతు చిన్న గుంతలో నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. ఒకటి నుంచి మూడంగుళాలు దిగితే బాగున్నట్టు. మరుసటిరోజుకూ నిలిచి ఉంటే అక్కడ వేరుకుళ్ళు వస్తుందని ముందే అనుకోండి, మురుగు కాలువ తీయండి.

నాలుగు, *సున్నం.* తెల్లటి గడ్డ దొరికితే పొడి చేసి నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే సున్నమే. అప్పుడు మట్టిని తప్పకుండా పరీక్షకు పంపండి. పై అడుగు మట్టి ఒక సంచిలో, రెండో అడుగు మట్టి ఇంకో సంచిలో వేరువేరుగా పంపండి.

*8. ఇక నా సంగతి*

నాకున్నది ఎకరా పది గుంటలు. మల్బరీ పెట్టి పదేళ్ళు దాటింది. పడమటి పక్క పది గుంటల్లో ఆకు ఎప్పుడూ వెనకే. ఎండాకాలం పంటల్లో నాలుగో జ్వరం లేచిన పురుగుకు అక్కడి ఆకు వేస్తే, వాడిన ఆకు తిని తిననట్టు వదిలేసేవి. గూడు పలచన. మార్కెట్‌లో చేత్తో నొక్కి చూసి రేటు దించేవాళ్ళు. గుడ్లు మంచివి కావన్నాను, చాకీ సరిగా పెంచలేదన్నాను. ఆ చాకీ పెంచింది మా ఇంటామె. ఎన్నిసార్లు ఆమెను అన్నానో లెక్కలేదు. చిగురు పసుపెక్కితే ఒక మూట యూరియా ఎక్కువేసినాను.

ఈ రాక్‌టన్ సంగతి చదివినాక గడ్డపార తీసుకుని పోయి అక్కడ తవ్వినాను. అడుగుంబావుకు ఖణేల్‌మంది. గట్టి మొరుసు, దాన్నిండా తెల్లటి సున్నపు గడ్డలు. నిమ్మరసం పిండితే నురగ. తూర్పు పక్క తవ్వితే నాలుగడుగులకు కూడా మెత్తటి ఎర్ర గరప మట్టే. పైన రెండుచోట్లా మట్టి ఒకే రంగు.

తూర్పు పక్క మంచి మట్టి ఎక్కువ భాగం ఏమైందో తెలుసా? దాని మీద మా రేష్మ షెడ్డు ఉంది. రోడ్డుకు దగ్గరని అక్కడ కట్టినాం. లోతు మట్టి మీద గోడలు లేపి, రాతి మీద తోట నాటినాం. ఆ రోజు ఒక గంట తవ్వి ఉంటే రెండూ తారుమారు చేసేవాణ్ణి.

ఇప్పుడు షెడ్డును జరపలేం. ఆ పది గుంటలకు డ్రిప్ వేరే వాల్వు పెట్టినాను. ఒకేసారి ఎక్కువ కాకుండా రోజూ కొంచెం కొంచెం ఇస్తున్నాను. సాళ్ళ మధ్య చెత్తా, పురుగులు తిని వదిలిన పుల్లలూ కప్పుతున్నాను. యూరియా తగ్గించి ఎరువు పెంచినాను. ఆకు తూర్పు పక్కంత రాదు, రాదని తెలిసింది. ఎండాకాలం పంటకు గుడ్లు తెచ్చేటప్పుడు ఆ పది గుంటల ఆకు లెక్కలో వేసుకోకుండా తక్కువ గుడ్లు తెస్తున్నాను. పోయిన రెండు ఎండాకాలం పంటలూ తడబడకుండా ఎక్కినాయి. మా ఇంటామెకు గుంత చూపించి, తప్పు నీది కాదని చెప్పినాను. “అది నాకు ముందే తెలుసు” అన్నది.

*ఈ వారం పని*

కొత్తగా తోట పెట్టేవాళ్ళు, షెడ్డు కట్టేవాళ్ళు ముందు గుంతలు తవ్వండి, తర్వాతే ముగ్గు పోయండి. మల్బరీ ఒకసారి నాటితే పదిహేనేళ్ళు అక్కడే ఉంటుంది. పాత తోట ఉన్నవాళ్ళు ఆకు రాని మూల ఒక్క గుంత తవ్వి, టేపు పెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఊరిపేరు అక్కరలేదు. పై పొర ఎన్ని అంగుళాలు, వేరు ఎక్కడ ఆగింది, కింద ఏముంది, ఈ మూడూ రాస్తే చాలు. వచ్చిన ఫోటోలను పక్కపక్కన పెట్టుకుని వచ్చే పాఠంలో మాట్లాడుకుందాం.

పెద్దాయనకు ఒక మాట: అబ్బాయిని ఈసారి ఆ చేని పక్కన రోడ్డు కోసిన గట్టు ఎక్కడైనా ఉంటే అది ఫోటో తీసి పంపమనండి. మట్టి పై ముఖం చూసినాం, ఇక పక్క ముఖం చూడాలి.

అందరి పంటలూ బాగా ఎక్కాలని కోరుకుంటూ, సెలవు.